ముప్పై ఆరు గంటల డ్యూటీ ఎక్కడిది?

అడ్మిషన్ రోజు అంటే ఏమిటో మన పెద్దాసుపత్రుల్లో పీజీ చేసిన ప్రతి డాక్టరుకూ తెలుసు. పొద్దున ఓపీతో మొదలైన పని మధ్యాహ్నానికి క్యాజువాల్టీకి చేరుతుంది. రాత్రంతా వార్డులో, ఎమర్జెన్సీ థియేటరులో సాగుతుంది. మర్నాడు పొద్దున యూనిట్ చీఫ్ రౌండ్లకు వచ్చేసరికి కేస్ షీట్లు సిద్ధంగా ఉండాలి. రౌండ్లయ్యాక రాసిన పరీక్షలు చేయించాలి, డిశ్చార్జీలు చూడాలి. ఆ పిల్లో పిల్లాడో హాస్టలు గదికి చేరేసరికి ముప్పై గంటలో ముప్పై ఆరు గంటలో గడిచిపోతాయి. దీన్ని వింతగా చూసేవారు తక్కువ. వైద్యం నేర్చుకోవాలంటే ఇంతేననీ, తామూ ఇలాగే పైకొచ్చామనీ పెద్ద డాక్టర్లు నమ్మకంతోనే చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు, వాళ్లు నిజంగానే అలా వచ్చారు. అయితే ఈ పద్ధతి వైద్యంతోపాటే పుట్టిందన్న భావన మాత్రం చరిత్రకు నిలవదు. దీనికి ఒక ఊరుంది, ఒక సంవత్సరం ఉంది, ఒక కాలానికి సరిపడిన షరతులున్నాయి. ఆ షరతులన్నీ ఒక్కొక్కటిగా పోయాయి, గంటలు మాత్రం మిగిలాయి. నేటి వైద్య విద్యార్థుల బర్నౌట్‌కు మూలం అక్కడే ఉంది, దానికి మందు కూడా అక్కడే వెతకాలి.

ఆ ఊరు అమెరికాలోని బాల్టిమోర్. ఆ సంవత్సరం 1889. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తలుపులు తెరిచినప్పుడు మెడిసిన్ విభాగాన్ని విలియం ఆస్లర్, శస్త్రచికిత్స విభాగాన్ని విలియం హాల్‌స్టెడ్ చూసుకున్నారు. అంతకు ముందు అమెరికాలో డిగ్రీ చేతికొచ్చిన డాక్టరు కత్తి పట్టడానికి ఏ తర్ఫీదూ తప్పనిసరి కాదు. 1878 నుంచి 1880 వరకు యూరప్‌లో తిరిగిన హాల్‌స్టెడ్, జర్మన్ మాట్లాడే దేశాల్లో గొప్ప సర్జన్ల చుట్టూ శిష్యులు ఏళ్ల తరబడి ఉండి పని నేర్చుకోవడం చూశాడు. ఆ పద్ధతినే తన విభాగంలో నాటాడు. శిష్యులు ఆసుపత్రిలోనే కాపురముండాలి. రోగులు రాత్రీపగలూ వాళ్ల బాధ్యతే. పెళ్లి మాట ఎత్తకూడదు. జీతమంటూ లేదు, గది, తిండి, ఉతికిన బట్టలు దొరుకుతాయి. ఎంతకాలమన్న లెక్క కూడా లేదు, గురువు చాలన్నప్పుడు చాలు. 1904లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో తన శిష్యులకు సగటున ఎనిమిదేళ్లు పడుతుందని, అందులో ఆరేళ్లు సహాయకుడిగా, రెండేళ్లు హౌస్ సర్జన్‌గా గడుస్తాయని ఆయనే వివరించాడు. మొదట అనేకులు చేరేవారు, పైమెట్టుకు చేరేది ఒక్కరు. ముప్పై మూడేళ్లలో ఆ చివరి మెట్టెక్కి చీఫ్ రెసిడెంటైనవారు పదిహేడుగురే. వాళ్లూ వాళ్ల కింద పనిచేసినవాళ్లూ అమెరికా అంతటా వెళ్లి ఇదే నమూనాలో విభాగాలు నిర్మించారు. మెదడు శస్త్రచికిత్సకు పునాది వేసిన హార్వే కుషింగ్ ఆ బడిలోంచి వచ్చినవాడే. ఈ పద్ధతి ఇచ్చిన మేలు చిన్నది కాదు. చేయి తిరగని డాక్టరు చేతిలో రోగి ప్రాణం పెట్టే రోజులకు ముగింపు పలికింది ఇదే.

హాల్‌స్టెడ్ గురించి ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. 1884లో కొకెయిన్‌కు మత్తుమందు గుణముందని తెలిసినప్పుడు ఆయన, ఆయన సహచరులు తమ మీదే ప్రయోగాలు చేసుకుని దానికి బానిసలయ్యారు. ఆ అలవాటు మాన్పించే క్రమంలో మార్ఫిన్ అలవాటైంది. ఆయన చివరిదాకా దాన్ని పూర్తిగా వదల్లేకపోయాడన్న సంగతి ఆస్లర్ రహస్యంగా రాసిపెట్టిన చరిత్ర 1969లో బయటపడ్డాకగానీ లోకానికి తెలియలేదు. దీన్ని పట్టుకుని, నేటి డాక్టర్ల నిద్రలేమి అంతా ఒక కొకెయిన్ బానిస కట్టిన పద్ధతి ఫలమేనని తేల్చేసేవారున్నారు. ఇది న్యాయం కాదు, చరిత్ర కూడా కాదు. బాల్టిమోర్‌కు చేరేనాటికి ఆయన పాత చురుకుతనం పోయి నెమ్మదిగా, అతి జాగ్రత్తగా పనిచేసే సర్జన్‌గా మారాడు. ఏటా వేసవిలో నెలల తరబడి ఆసుపత్రికి దూరంగా ఉత్తర కరొలినా కొండల్లోని తన ఎస్టేట్‌లో గడిపేవాడు. ఆ రాత్రింబవళ్ల పని గురువుది కాదు, శిష్యులది. ఒక మనిషి బలహీనతలో మూలం వెతికితే అసలు విషయం చేజారుతుంది. ఎవరు, ఏ రోగుల మధ్య, ఎవరి అండతో అన్ని గంటలు పనిచేశారన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

ఆనాటి వార్డును ఊహించుకుంటే జవాబు దొరుకుతుంది. పెన్సిలిన్ సామాన్యులకు అందింది 1940ల్లో. ఐసీయూలు ఆ తర్వాత వచ్చాయి. 1890ల్లో ఆపరేషనైన రోగి వారాల తరబడి మంచం మీదే ఉండేవాడు. రాత్రి డాక్టరు చేయగలిగింది తక్కువ. నాడి చూడటం, కట్టు మార్చడం, కనిపెట్టుకుని ఉండటం. ఆసుపత్రిలో ఇరవైనాలుగు గంటలు ఉండటమంటే ఇరవైనాలుగు గంటలు పనిచేయడం కాదు, నిద్రపోవడానికి నిజంగానే వేళ దొరికేది. ఒక్కో రోగిని జబ్బు మొదలు నుంచి నయమయ్యేదాకా చూసే అవకాశముండేది, దాని చుట్టూ చదువు సాగేది. శిష్యులు కొద్దిమంది, అందరూ పెళ్లికాని మగవాళ్లు. వంట, బట్టలు, ఇల్లు అనే మాటలు వాళ్ల రోజులో లేవు. అంటే శిష్యుడు తన యౌవనాన్ని ఇచ్చాడు, బదులుగా బస, భోజనం, గురుసన్నిధి, తీరికగా నేర్చుకునే చోటు పొందాడు. ఒడంబడిక కఠినమైనదే, కానీ రెండు వైపులా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఒడంబడికలో ఒక పక్క కరిగిపోతూ వచ్చింది. రెసిడెంట్ల సంఖ్య విపరీతంగా పెరిగింది, వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆసుపత్రి బయట కాపురాలు పెట్టారు. 1965లో వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్ చట్టం వచ్చి ఆసుపత్రులకు రోగులూ డబ్బూ రెండూ పెరిగాయి. 1983లో మెడికేర్ జబ్బును బట్టి గంపగుత్తగా చెల్లించే పద్ధతికి మారడంతో రోగిని త్వరగా పంపేయడమే ఆసుపత్రికి లాభమైంది. కోలుకుంటున్న రోగులు ఇంటికెళ్లిపోయారు, మంచాల మీద మిగిలింది అందరికంటే బాగోలేనివాళ్లు. వెంటిలేటర్లు, మానిటర్లు, గంటకో రక్తపరీక్ష, రాత్రికి పదిమంది కొత్త రోగులు. పాత గంటల్లోకి కొత్త పని వచ్చి కూర్చుంది. ఆనాటి ముప్పై గంటలకూ ఈనాటి ముప్పై గంటలకూ పేరొక్కటే, లోపలి సరుకు వేరు. తాము ఇలాగే పైకొచ్చామనే సీనియర్ డాక్టరుకు మర్యాదగా చెప్పాల్సిన జవాబు ఇదే. ఆయన అన్ని గంటలు పనిచేసిన మాట నిజం, కానీ ఆ గంటల్లో ఇంత పని లేదు.

మన దేశానికి ఈ అలవాటు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది బ్రిటిష్ దారి. 1846లో హైదరాబాదులో మొదలైన వైద్య పాఠశాలైనా, 1923లో విశాఖపట్నంలో వెలిసిన ఆంధ్ర వైద్య కళాశాలైనా ఇంగ్లండు ఆసుపత్రుల నమూనాలో నడిచినవే. హౌస్ సర్జన్ అనే మాట ఇవాళ్టికీ మన తెలుగు ఇళ్లలో వినిపించడం ఆ వారసత్వమే. రెండోది అమెరికా దారి. 1956లో ఢిల్లీలో ఎయిమ్స్, 1962లో చండీగఢ్‌లో పీజీఐ వచ్చాక రెసిడెంట్ డాక్టరు అనే పదవి దేశమంతటా అలవాటైంది. అదే కాలంలో మనవాళ్లు అటు వెళ్లారు. 1965 నాటి అమెరికా వలస చట్టం తలుపు తెరిచాక గుంటూరు, విశాఖ, హైదరాబాదు, కాకినాడ, కర్నూలు, వరంగల్ కళాశాలల పట్టభద్రులు అక్కడి రెసిడెన్సీల్లో చేరారు. సొంత దేశస్థులు అంతగా ఇష్టపడని పెద్ద నగరాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలను విదేశీ పట్టభద్రులే ఎక్కువగా మోశారు. కాబట్టి అమెరికాలో పనిగంటల మీద జరిగిన పోరాటం మనకు పరాయి కథ కాదు, అందులో తెలుగు డాక్టర్ల నిద్ర కూడా కలిసి ఉంది.

ఆ పోరాటం 1970ల్లో మొదలైంది. 1971లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో చిన్న అధ్యయనం అచ్చయింది. నిద్రలేని ఇంటర్న్‌లు ఈసీజీ చదవడంలో, నిద్రపోయి వచ్చినప్పటికంటే దాదాపు రెట్టింపు తప్పులు చేశారని అది తేల్చింది. 1974లో న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, సేవాభావంతో చేరిన కార్యకర్తలు కొన్ని నెలల్లోనే శక్తి ఉడిగి, విసుగు పెరిగి, తాము సాయం చేయాల్సిన మనుషుల మీదే కఠినంగా మారడం గమనించి ఆ స్థితికి బర్నౌట్ అని పేరు పెట్టాడు. తర్వాత క్రిస్టినా మాస్లక్, సుసాన్ జాక్సన్ 1981లో దానికి కొలమానం తయారుచేశారు. మనసు అలసిపోవడం, ఎదుటివాణ్ని మనిషిగా కాక వస్తువుగా చూడటం, తన పనికి విలువ లేదనిపించడం అనే మూడింటినీ అది కొలుస్తుంది. 1975 మార్చిలో న్యూయార్క్ నగర ఆసుపత్రుల ఇంటర్న్‌లు, రెసిడెంట్లు నాలుగు రోజులు సమ్మె చేసి రాత్రి మార్చి రాత్రి డ్యూటీ వేసే పద్ధతిని మాన్పించుకున్నారు. అప్పటికే జబ్బుకు పేరుంది, కొలమానం రాబోతోంది, బాధితులు నోరు విప్పారు. అయినా ఆసుపత్రుల మూల పద్ధతి కదల్లేదు. అలసట డాక్టరు సొంత గోడుగా ఉన్నంతకాలం సమాజం దాన్ని పట్టించుకోలేదు.

కదిలించింది ఒక రోగి మరణం. 1984 మార్చి 4 రాత్రి లిబీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల కళాశాల విద్యార్థిని జ్వరంతో, ఒళ్లంతా వణుకుతూ న్యూయార్క్ హాస్పిటల్‌కు వచ్చింది. మానసిక కుంగుబాటుకు ఫినెల్జిన్ అనే మాత్ర వాడుతోంది. వణుకు తగ్గడానికి పెథిడిన్ ఇచ్చారు. ఆ రెండు మందులూ కలిస్తే ప్రమాదమన్న సంగతి అప్పటికి అందరికీ తెలిసినది కాదు. డ్యూటీలో ఉన్న ఇంటర్న్ చేతిలో సుమారు నలభైమంది రోగులున్నారు. ఆమెపైనున్న రెండో ఏడాది రెసిడెంట్ పక్క భవనంలో నిద్రకు వెళ్లాడు. పెద్ద డాక్టరు ఫోనులోనే అందుబాటులో ఉన్నాడు. అమ్మాయి మంచం మీద కొట్టుకుంటుంటే కట్టేయమన్న ఉత్తర్వు వెళ్లింది గాని ఎవరూ వచ్చి మళ్లీ పరీక్షించలేదు. తెల్లవారాక జ్వరం విపరీతంగా పెరిగి ఆమె చనిపోయింది. తండ్రి సిడ్నీ జియాన్ పాత్రికేయుడు, న్యాయవాది, ఊరుకునే మనిషి కాదు. 1986లో గ్రాండ్ జ్యూరీ డాక్టర్ల మీద నేరం మోపలేదు, వాళ్లను ఆ స్థితిలో నిలబెట్టిన వ్యవస్థను తప్పుపట్టింది. న్యూయార్క్ రాష్ట్రం బెర్‌ట్రాండ్ బెల్ అనే ఆచార్యుడి అధ్యక్షతన సంఘం వేసింది. దాని సిఫార్సులు 1989లో నియమాలయ్యాయి. వారానికి ఎనభై గంటలు మించకూడదు, ఒక్క ఊపున ఇరవైనాలుగు గంటలు మించకూడదు, అనుభవమున్న డాక్టరు అన్నివేళలా ఆసుపత్రిలోనే ఉండాలి.

ఈ మూడింటిలో లోకానికి గుర్తున్నది గంటల లెక్క. బెల్ మాత్రం చివరిదాకా మూడోదాని గురించే ఎక్కువగా మాట్లాడాడు. అలసిన ఇంటర్న్ కంటే ఒంటరిగా వదిలేసిన ఇంటర్న్ ప్రమాదమని ఆయన వాదన. లిబీ జియాన్ మరణాన్ని మళ్లీ చదివితే ఆయన మాటలో పస కనిపిస్తుంది. ఆ రాత్రి నిద్రలేమి ఒక్కటే కాదు తప్పు. నలభైమందికి ఒక్కరే ఉండటం, వచ్చి చూసే పెద్దదిక్కు లేకపోవడం కూడా తప్పే. ఈ ముఖ్యమైన సగాన్ని మరచిపోయి గంటలను మాత్రమే పట్టుకున్న ప్రతి సంస్కరణా తర్వాత తడబడింది. అమలు విషయంలోనూ న్యూయార్క్ ఒక పాఠం నేర్పింది. నియమం వచ్చిన తొమ్మిదేళ్లకు, 1998లో రాష్ట్ర అధికారులు చెప్పకుండా వెళ్లి తనిఖీ చేస్తే ఉల్లంఘనలు విస్తారంగా బయటపడ్డాయి. ఎవరూ లెక్క చూడని నియమాన్ని ఆసుపత్రి లెక్కచేయదు.

2003 జులైలో ఎనభై గంటల పరిమితి అమెరికా అంతటా వచ్చింది. 2004లో బోస్టన్‌లోని ఒక ఐసీయూ అధ్యయనం, పాత పద్ధతిలో పనిచేసిన ఇంటర్న్‌లు పదహారు గంటలకు మించని డ్యూటీ చేసినవారికంటే తీవ్రమైన తప్పులు 36 శాతం ఎక్కువ చేశారని చూపింది. సుదీర్ఘ డ్యూటీ ముగించి కారు నడుపుకుంటూ ఇంటికెళ్లే ఇంటర్న్‌లకు ప్రమాదం జరిగే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువని 2005లో తేలింది. 2011లో మొదటి ఏడాది వాళ్లకు పదహారు గంటల హద్దు గీశారు. ఆరేళ్లకే, 2017లో, ఆ హద్దు తీసేసి మళ్లీ ఇరవైనాలుగు గంటలకు, పని అప్పగించడానికి మరో నాలుగు గంటలకు అనుమతించారు. ఈ సడలింపుకు అండగా చూపేవి రెండు పెద్ద ప్రయోగాలు. 2016లో ఫలితాలు వెలువడిన మొదటిది 117 శస్త్రచికిత్స శిక్షణ కేంద్రాల్లో, సడలింపు వచ్చాక ఫలితాలు వెలువడిన రెండోది 63 మెడిసిన్ కేంద్రాల్లో జరిగాయి. గంటల హద్దు సడలించినచోట రోగులకు అదనపు హాని కనబడలేదని రెండూ చెప్పాయి. సుదీర్ఘ డ్యూటీని సమర్థించేవారికి ఇది బలమైన ఆయుధం, దాన్ని పక్కకు నెట్టేయడం నిజాయితీ కాదు.

కానీ ఆ సాక్ష్యాన్ని మిగతా సాక్ష్యంతో కలిపి చదవాలి. 2011 నియమానికి ముందూ తర్వాతా ఇంటర్న్‌లను గమనించిన అధ్యయనంలో, వారపు పనిగంటలు సగటున 67 నుంచి 64కు మాత్రమే తగ్గాయి. కుంగుబాటు తగ్గలేదు, తప్పు చేశామని తామే ఒప్పుకున్నవారి శాతం దాదాపు 20 నుంచి 23కు పెరిగింది. ఆసుపత్రులు గంటలు కుదించాయి గాని పని కుదించలేదు. ముప్పై గంటల పనిని పదహారు గంటల్లోకి కుక్కాయి. 2020లో పిల్లల ఐసీయూల్లో జరిగిన ప్రయోగం ఈ గుట్టును పూర్తిగా విప్పింది. పొడవైన డ్యూటీలు తీసేసినచోట తప్పులు తగ్గాల్సింది పోయి పెరిగాయి. కారణం వెతికితే, ఆ పద్ధతిలో ఒక్కో రెసిడెంట్ సగటున దాదాపు తొమ్మిదిమంది రోగులను చూడాల్సివచ్చింది, పాత పద్ధతిలో ఏడుగురి లోపే. రోగుల సంఖ్యలో ఆ తేడాను లెక్కలోకి తీసుకోగానే కొత్త పద్ధతి వల్ల తప్పులు పెరిగాయన్న నింద నిలవలేదు. ఇక్కడ తేలేదేమిటంటే, గంటలు తగ్గించి చేతులు పెంచకపోతే సంస్కరణ పేరుకే మిగులుతుంది. ఆ వైఫల్యాన్ని చూపి పాత గంటలే మేలనడం, సగం మోతాదు మందిచ్చి అది పనిచేయదని తీర్పు చెప్పడంలాంటిది.

యూరప్ ఇదే పాఠాన్ని మరో దారిలో నేర్చుకుంది. 1991లో ఇంగ్లండులో ఒక జూనియర్ డాక్టరు తన యజమాని మీద వేసిన దావాలో, నలభై గంటల పని మీద సగటున మరో నలభై ఎనిమిది గంటలు అందుబాటులో ఉండాలన్న ఒప్పందం కూడా ఉద్యోగి ఆరోగ్యాన్ని చెడగొట్టే హక్కును యజమానికి ఇవ్వదన్న వాదనకు అప్పీలు కోర్టులో చోటు దొరికింది. యూరప్ సమాజపు పనిగంటల చట్టం క్రమంగా డాక్టర్లకూ వర్తించి 2009 నాటికి బ్రిటన్‌లో వారానికి నలభై ఎనిమిది గంటలకు చేరింది. ఆసుపత్రిలో ఉండి పిలుపు కోసం ఎదురుచూస్తూ నిద్రపోయిన సమయం కూడా పనే అని యూరప్ న్యాయస్థానం తేల్చింది. ఇన్ని తక్కువ గంటల్లో సర్జన్ తయారవుతాడా అన్న అనుమానానికి 2010లో సర్ జాన్ టెంపుల్ నివేదిక జవాబిచ్చింది. నలభై ఎనిమిది గంటల్లో నాణ్యమైన శిక్షణ సాధ్యమే, అయితే రాత్రుళ్లు ఆసుపత్రిని నడిపే భారం శిక్షణలో ఉన్నవాళ్ల మీదే వేసి పెద్దవాళ్లు దూరంగా ఉంటే సాధ్యం కాదని అది చెప్పింది. బెల్ మాట ఇరవై ఏళ్ల తర్వాత అట్లాంటిక్ ఆవలి ఒడ్డున మళ్లీ వినిపించింది.

ఇక మన దేశం సంగతి. చాలామందికి తెలియని నిజమేమిటంటే, కాగితం మీద మనం అమెరికా కంటే ముందున్నాం. 1992లోనే కేంద్ర ఆరోగ్యశాఖ రెసిడెన్సీ పథకం కింద, జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి నలభై ఎనిమిది గంటలు, ఒక్క ఊపున పన్నెండు గంటలు మించకుండా పనిచేయాలనీ, వంతులవారీగా వారానికో సెలవు ఇవ్వాలనీ ఆదేశించింది. అదే ఆదేశంలో ఒక తోక కూడా ఉంది. పని ఒత్తిడిని, డాక్టర్ల లభ్యతను బట్టి గంటలను ఆసుపత్రి సూపరింటెండెంటు సర్దుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా అమలవుతున్నది ఆ తోకే. 2023లో జాతీయ వైద్య కమిషన్ పీజీ నిబంధనలు తెచ్చినప్పుడు వాటిలో గంటల అంకె కూడా లేదు, సహేతుకమైన పనివేళలు, తగిన విశ్రాంతి అన్న మాటలే ఉన్నాయి. సహేతుకం ఎంతో తేల్చేది ఎవరు? 2024లో అదే కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ వారానికి డెబ్బై నాలుగు గంటలు మించకూడదని సిఫార్సు చేసింది. అది జరిపిన సర్వేలో అయిదు వేలకు పైగా పీజీలు పాల్గొంటే, వాళ్లలో దాదాపు మూడో వంతు మంది గడిచిన ఏడాదిలో ఆత్మహత్య ఆలోచన వచ్చిందని చెప్పారు. నలభై ఎనిమిది నుంచి డెబ్బై నాలుగుకు రావడం సంస్కరణగా కనబడుతోందంటే, అమలులో ఉన్నది ఎంత ఘోరమో ఊహించుకోవచ్చు. అదే ఏడాది ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుం వాల్చిన యువ డాక్టరు హత్యాచారానికి గురైంది. సుప్రీంకోర్టు ఆ కేసును తనంతట తాను చేపట్టి ముప్పై ఆరు గంటల డ్యూటీని అమానుషమని వ్యాఖ్యానించింది, డాక్టర్ల భద్రత, పని పరిస్థితుల మీద జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. హైదరాబాదుకు చెందిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి అందులో సభ్యుడిగా నియమితులయ్యారు. డ్యూటీ డాక్టరు పడుకోవడానికి తలుపు గడియపడే గది కూడా ఇవ్వని వ్యవస్థ, ముప్పై ఆరు గంటలు ఉండమనే హక్కును ఎక్కడినుంచి తెచ్చుకుంది? హాల్‌స్టెడ్ తన శిష్యులకు కనీసం గది ఇచ్చాడు.

అభ్యంతరాలు గట్టివే ఉన్నాయి. మొదటిది చదువు. ఎక్కువ కేసులు చూడనిదే చేయి తిరగదంటారు. నిజమే, కానీ పీజీ గంటలన్నీ కేసులు చూడటానికే పోతున్నాయా? మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్తం తీసి ల్యాబుకు పంపడం, రిపోర్టుల కోసం తిరగడం, స్కానింగుకు రోగిని తోసుకెళ్లడం, రక్తనిధి ముందు నిలబడటం, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపడం, ఇవన్నీ చాలావరకు పీజీ, హౌస్ సర్జన్ల మీదే పడతాయి. ఈ పనులు ముఖ్యమైనవే, కానీ వీటిలో శస్త్రచికిత్స లేదు, రోగనిర్ధారణ లేదు. వీటికి మనుషుల్ని పెడితే నేర్చుకునే సమయం తగ్గకుండానే గంటలు తగ్గుతాయి. రెండోది పని చేతులు మారడం. డాక్టరు మారినప్పుడల్లా సమాచారం జారిపోతుందని, అలసిన పాత డాక్టరే కొత్తవాడికంటే మేలని వాదిస్తారు. ఈ భయానికి ఆధారముంది, దానికి విరుగుడూ ఉంది. 2014లో అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో, రోగిని అప్పగించేటప్పుడు ఏం చెప్పాలో ఒక క్రమం నేర్పి అమలు చేస్తే వైద్యపరమైన తప్పులు 23 శాతం తగ్గాయి. డాక్టరు ఎంతసేపు ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి వెళ్లక తప్పదు. కాబట్టి అప్పగించడం బాగా నేర్పడమే దారి, అప్పగింతను వాయిదా వేయడం కాదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఓపీ ముందు వందల మంది క్యూ కట్టిన చోట, మంచానికి ఇద్దరు పడుకునే చోట, డాక్టరు ఇంటికెళ్తే పేదవాడిని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న అడిగేవారి మనసులో రోగి మీద ప్రేమ ఉంది, దాన్ని గౌరవించాలి. అయితే దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 2014లో యాభై వేల చిల్లర ఉండేవి, ఇప్పుడు లక్ష దాటాయి. పీజీ సీట్లు కూడా రెట్టింపుకు మించాయి. చేతులు రెట్టింపైనా గంటలు తగ్గలేదంటే కొరతొక్కటే కారణం కాదు. స్టయిపెండు మీద ఉన్న శిక్షణార్థి ఆసుపత్రికి చౌకగా దొరికే శ్రమ. అతడున్నంతకాలం ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టు, నర్సు పోస్టు, టెక్నీషియన్ పోస్టు నింపాల్సిన తొందర ప్రభుత్వానికి ఉండదు. ముప్పై ఆరో గంటలో ఉన్న డాక్టరు చేతిలో పడేది కూడా పేద రోగే. డబ్బున్నవాడు వేరే ఆసుపత్రికి వెళ్తాడు. పేదవాడి పేరు చెప్పి అలసిన డాక్టరును నిలబెట్టడం పేదవాడికే అన్యాయం.

నాలుగోది అభ్యంతరం కంటే ప్రత్యామ్నాయమనాలి. యోగా నేర్పుదాం, ధ్యానం చేయిద్దాం, కౌన్సెలింగ్ ఇద్దాం అంటారు. ఇవి పనికిరానివి కావు. కుంగిపోయిన పిల్లవాడికి కౌన్సెలర్ ఉండటం ప్రాణం నిలబెట్టవచ్చు. 2016లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష, వ్యక్తికి నేర్పే పద్ధతులూ పని మార్చే పద్ధతులూ రెండూ కొంత మేలు చేస్తాయని చెప్పింది. 2017లో మరో సమీక్ష, పనినీ సంస్థనూ మార్చే పద్ధతులే ఎక్కువ ఫలితమిస్తాయని తేల్చింది. ఇది ఆశ్చర్యం కాదు. అమెరికాలో 2010 నాటి అధ్యయనంలో ఇంటర్న్‌షిప్‌కు ముందు కుంగుబాటు ఉన్నవారు నాలుగు శాతం లోపే, ఆ ఏడాదిలో అది దాదాపు 26 శాతం. మామూలుగా చేరిన మనుషులు కొన్ని నెలల్లో ఇలా మారితే లోపం మనిషిలో ఉందా, పనిలో ఉందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ను వ్యక్తి జబ్బుల జాబితాలో చేర్చక, పని వల్ల తలెత్తే స్థితిగానే నమోదు చేసింది.

చరిత్ర ఇంత స్పష్టంగా చెప్పాక చేయాల్సిన పనులు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1992 ఆదేశం నుంచి ఆ తోక తీసేసి, వారపు గంటలనూ డ్యూటీ పొడవునూ అంకెల్లో చట్టబద్ధం చేయాలి. ఒక్క డాక్టరు రాత్రికి ఎంతమంది రోగులను చూడవచ్చో హద్దు పెట్టాలి, అది లేకుండా గంటల హద్దు నిలవదని రెండు దశాబ్దాల అనుభవం చెబుతోంది. అసిస్టెంట్, అసోసియేట్ ప్రొఫెసర్లలో ఒకరు రాత్రి ఆసుపత్రి ఆవరణలోనే ఉండి, పిలిస్తే వచ్చి చూడాలి. డాక్టరు చేయక్కర్లేని పనులకు మనుషుల్ని నియమించాలి. డ్యూటీ చార్టులు బయట పెట్టాలి, చెప్పకుండా వచ్చి తనిఖీ చేసే అధికారి ఉండాలి, ఉల్లంఘించిన విభాగానికి సీట్లు తగ్గాలి. ఇవాళ మన వైద్య కళాశాలల్లో సగం మంది, చాలాచోట్ల అంతకంటే ఎక్కువ అమ్మాయిలు. పెళ్లికాని మగవాళ్ల కోసం నూట ముప్పై ఏళ్ల కిందట ఒక సర్జన్ వేసుకున్న ఏర్పాటును వాళ్లమీద రుద్దడానికి మన దగ్గర ఏ కారణమూ మిగల్లేదు. జూనియర్ డాక్టర్లు (జూడాలు) సమ్మెకు దిగినప్పుడల్లా స్టయిపెండు పెంచి పంపేయడం ప్రభుత్వాలకు అలవాటైంది. డబ్బు ఇవ్వాల్సిందే, కానీ వాళ్లు అడగాల్సిందీ మనం వాళ్ల తరఫున అడగాల్సిందీ అంతకంటే పెద్దది. హాల్‌స్టెడ్ శిష్యులకు ఆ గంటలకు బదులుగా గురువు, గది, నేర్చుకునే తీరిక దొరికాయి. మన పిల్లలకు అవి ఇవ్వలేనప్పుడు ఆ గంటలు అడిగే హక్కు మనకు లేదు.